బీచ్ రోడ్డు నుంచి ఆరువేల మీటర్లకు – ప్యాకేజీలో రాత్రుల లెక్క

ఎండలు ముదిరేసరికి విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో లద్దాఖ్ పోస్టర్లు తిరగడం మొదలవుతుంది. శిఖరం ఒకటే, కాంగ్ యాత్సే 2. ఎత్తు 6,250 మీటర్లు. ఒక పోస్టరు ఎనిమిది రోజుల్లో ఎక్కించి దించేస్తామంటుంది, ఇంకోటి పన్నెండు రోజులు అడుగుతుంది. ఎనిమిది రోజులది చౌక, సెలవూ తక్కువే పడుతుంది. వారం సెలవడిగితేనే మొహం ముడుచుకునే మేనేజరు ఉన్నవాళ్ల మొగ్గు ఎటో చెప్పక్కర్లేదు. పోల్చి చూస్తే రెండింట్లోనూ టెంట్లు ఒకలాంటివే, తిండి ఒకలాంటిదే, గైడ్లూ చాలాసార్లు ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. ఎక్కువ కట్టిన డబ్బుకు అదనంగా వచ్చేది నాలుగు రాత్రులు. సముద్రం పక్కన పుట్టి పెరిగిన ఒంటికి మొత్తం ప్యాకేజీలో అంతకంటే విలువైన సరుకు లేదు.

లెక్క కాగితం మీద వేసి చూసుకోవచ్చు. ఎత్తు ప్రదేశాల వైద్యం తెలిసినవాళ్లు చెప్పే సూత్రం ఇది: మూడువేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దు, మూడు నాలుగు రోజులకోసారి ఉన్నచోటే ఇంకో రాత్రి పడుకోండి. పగలు ఇంకాస్త పైకి ఎక్కి దిగినా పరవాలేదు, లెక్కలోకి వచ్చేది తల వాల్చిన చోటు. లేహ్ ఎత్తు సుమారు 3,500 మీటర్లు. విశాఖ నుంచి బయల్దేరి ఢిల్లీలో విమానం మారితే, ఒక్కరోజు తేడాలో ఒళ్లు సముద్రమట్టం నుంచి అక్కడ పడుతుంది. అంటే మొదటి రోజే సూత్రం తప్పినట్టు. ఆ బాకీ తీర్చడానికి లేహ్‌లో కనీసం రెండు, వీలైతే మూడు రాత్రులు ఉండాలి. తర్వాత మార్ఖా లోయలో 3,800 దగ్గర ఒక రాత్రి, 4,200 దాటి ఇంకో రాత్రి, 4,800 దగ్గరున్న నిమాలింగ్ మైదానంలో రెండు రాత్రులు, 5,100 దగ్గర, శిఖరం కింద ఉండే బేస్ క్యాంపులో రెండు రాత్రులు. రెండో రాత్రి నిద్ర పోయేదేమీ ఉండదు, అదే శిఖరానికి బయల్దేరే రాత్రి. వాతావరణం మొరాయిస్తే వాడుకోవడానికి ఒకటి, తిరిగొచ్చాక లేహ్‌లో ఒకటి. మొత్తం పదకొండు రాత్రులు, అంటే పన్నెండు రోజులు.

ఎనిమిది రోజుల ప్యాకేజీలో వీటిలో ఏవి ఎగిరిపోయాయో వెతికితే వరస ఎప్పుడూ ఒకలాగే కనిపిస్తుంది. ముందు లేహ్‌లో మూడో రాత్రి పోతుంది, ఊరు చూడటం అయిపోయింది కదా అని. తర్వాత నిమాలింగ్‌లో రెండో రాత్రి, ఏమీ చేయకుండా కూర్చోవడానికి ఎవరూ డబ్బు కట్టరు కాబట్టి. చివరికి వాతావరణం కోసం దాచిన రోజు. అప్పటికీ సరిపోకపోతే లోయలో నడకను జీపు మింగేస్తుంది. పోస్టరు మీద మాత్రం ‘అక్లమటైజేషన్ డే’, అంటే ఎత్తుకు ఒళ్లు అలవాటుపడే రోజు, అని ఒక్క రోజు రాసి ఉంటుంది. ఆ మాట ఎన్నిసార్లుందో లెక్కపెట్టడం దండగ. ప్రతి రాత్రికీ ఎదురుగా ఎత్తు రాసి పంపమని ఆపరేటర్‌ను అడగాలి. ఆ పట్టిక ఇవ్వడానికి నసిగేవాళ్లతో బేరమే అక్కర్లేదు.

మనాలి నుంచి రోడ్డు మీద లేహ్ వెళ్తే మెల్లగా అలవాటవుతుందని ఒక నమ్మకం ఉంది. సగమే నిజం. మనాలి 2,050 మీటర్లు, మొదటి రాత్రి జిస్పాలో, అంటే 3,200 దగ్గర, పడుకుంటే మంచిదే. కానీ చాలా బళ్లు దూరం కలిసొస్తుందని నేరుగా సర్చూ వెళ్లి ఆపుతాయి. అది 4,290 మీటర్లు. నిన్న మనాలిలో పడుకున్నవాళ్లు ఇవాళ అక్కడ పడుకుంటే, తెల్లారేసరికి సగం టెంట్లలో తలలు పట్టుకుని కూర్చోవడం మామూలే. దానికంటే విమానంలో వెళ్లి లేహ్‌లో మూడు రోజులు ఊరికే కూర్చోవడం నయం.

ఒంట్లో జరిగేదేమిటి

పైన గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందనుకుంటారు గానీ, ఆ శాతం అంతటా 21 దగ్గరే ఉంటుంది. తగ్గేది గాలి ఒత్తిడి. లేహ్‌లో అది విశాఖ తీరంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతుల దాకా ఉంటుంది, 5,500 మీటర్ల దగ్గర సగమవుతుంది, ఎవరెస్టు మీద మూడో వంతుకు దిగుతుంది. ఊపిరి తీసిన ప్రతిసారీ లోపలికి వెళ్లే ఆక్సిజన్ ఆ లెక్కన తగ్గుతుంది. ఒళ్లు చేసే మొదటి పని వేగంగా ఊపిరి తీయడం. దాంతో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తం క్షారగుణం వైపు జరుగుతుంది. అప్పుడు మెదడు ‘చాలు, ఊపిరి తగ్గించు’ అంటుంది. ఈ పేచీ మూత్రపిండాలు తీర్చాలి. అవి బైకార్బనేట్‌ను మూత్రంలో బయటికి పంపి, రక్తాన్ని మళ్లీ దారిలో పెట్టడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. లేహ్‌లో ఖాళీగా కూర్చున్న మూడు రోజుల్లో జరిగే పని అదే. ఎర్ర రక్తకణాలు పెరగడానికైతే వారాలు కావాలి, పన్నెండు రోజుల ట్రెక్కులో వాటి మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు.

ఈ పని ఎవరికి ఎంత త్వరగా అవుతుందన్నది పరుగు పందెంలో తేలదు. బీచ్ రోడ్డులో పది కిలోమీటర్లు గంట లోపు పరిగెత్తేవాళ్లకీ, లిఫ్టు లేకపోతే మూడో అంతస్తు ఎక్కనివాళ్లకీ ఎత్తు దెబ్బ తగిలే అవకాశం ఇంచుమించు ఒకటే. నిజానికి దిట్టంగా ఉన్నవాళ్లతోనే ఎక్కువ చిక్కు. అందరికంటే ముందు క్యాంపు చేరి, ఖాళీగా ఉండలేక బండలెక్కి ఫొటోలు తీసుకుని, రాత్రికి మూలుగుతారు. గతంలో ఎప్పుడైనా ఇంత ఎత్తున ఎలా ఉన్నారన్నదొక్కటే కొంచెం నమ్మదగిన ఆధారం.

ఎత్తుకు అలవాటుపడటానికి విశాఖ చుట్టుపక్కల కొండలు సాయం చేయవు. అరకు వెయ్యి మీటర్లకు అటూ ఇటూ. తూర్పు కనుమల్లో బాగా ఎత్తయిన శిఖరాల్లో ఒకటైన అర్మ కొండ 1,680 మీటర్లే. ఎత్తు జబ్బు మామూలుగా మొదలయ్యేది 2,500 దాటాక. కాబట్టి అరకులో పది రాత్రులు గడిపినా ఒంటికి అదొక విహారయాత్రే. మొహానికి కట్టుకుని మెట్లెక్కే ‘ఆల్టిట్యూడ్ మాస్కు’ కూడా ఊపిరికి అడ్డం పడుతుందే తప్ప గాలి ఒత్తిడిని తగ్గించలేదు.

విశాఖలో చేసుకోగలిగినవి

కాళ్ల సంగతి వేరు, వాటికి కావలసినవన్నీ ఊళ్లోనే ఉన్నాయి. సింహాచలం మెట్లు, కైలాసగిరి మెట్లు, ఆషాఢ పౌర్ణమికి సింహగిరి చుట్టూ 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ. శిఖరం రోజున పది పన్నెండు గంటలు ఆగకుండా నడవాలి, ఆ ఓపిక ప్రదక్షిణ చేసినవాళ్లకు తెలుసు. మెట్ల దగ్గర ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ఎక్కడం మీదే ధ్యాస పెట్టి, దిగేటప్పుడు ఆటో ఎక్కేస్తారు. మోకాళ్లు మొరాయించేది దిగుడులో. తొడ కండరం సాగుతూ బరువు ఆపే పని అలవాటవ్వాలంటే దిగడమే మందు. మొదటి వారం ఖాళీ సంచితో మొదలుపెట్టి, రెండు వారాలకోసారి రెండేసి కిలోలు పెంచుతూ పది కిలోల దాకా వెళ్లాలి. బరువుగా నీళ్ల సీసాలు పెట్టుకుంటే, మోకాలు పట్టేసిన రోజు పైనే పారబోసి తేలిగ్గా దిగొచ్చు. ఇలా మూడు నెలలు, వారానికి మూడు నాలుగు రోజులు. మాట్లాడుతూ నడవగలిగేంత వేగం చాలు.

ఇక బూట్లు. వీటి గురించి తీర ప్రాంతం వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మంచి ట్రెక్కింగ్ బూట్లలో చాలావాటికి అడుగు రబ్బరుకూ పై తోలుకూ మధ్య పాలీయురేథేన్ పొర ఉంటుంది. గాలిలోని తేమ ఆ పొరను లోలోపలే విరగ్గొడుతుంది. అయిదారేళ్ల కిందట ఒక ట్రెక్కుకు వాడి, ప్లాస్టిక్ కవరులో చుట్టి అటక మీద పెట్టిన జత పైకి కొత్తదానిలా మెరుస్తుంటుంది. ట్రెక్కు రెండో రోజు మధ్యాహ్నం అడుగు మొత్తం చెప్పులా ఊడి చేతికొస్తుంది. రోజూ వాడే బూట్లకంటే దాచిపెట్టిన బూట్లకే ఇది ఎక్కువ. బయల్దేరే ముందు ఆ మధ్య పొరను బొటనవేలితో గట్టిగా నొక్కి చూడాలి. సన్నటి పగుళ్లు కనిపించినా, పొడి రాలినా ఆ జత వదిలేయాల్సిందే. చెప్పుల షాపులో గమ్ము పెట్టించడం వల్ల లాభం లేదు, అతుక్కోవాల్సిన పొరే పిండైపోయి ఉంటుంది. బాగున్న జతతో నెల రోజులు మెట్లెక్కి, దాంతోనే వెళ్లాలి. వచ్చాక కవరులో కట్టకుండా గాలి ఆడే చోట పెట్టాలి. ఈకలు నింపిన డౌన్ జాకెట్టుకూ ఇదే వర్తిస్తుంది. నొక్కి సంచిలో కుక్కితే వానాకాలం దాటేసరికి బూజు వాసన కొడుతుంది, ఈకలు ఉండలు కడతాయి.

మంచు మీద వేసే డబుల్ బూట్లు (లోపల మెత్తటి జత, బయట గట్టి జత) మాత్రం కొనక్కర్లేదు. లేహ్‌లోనో మనాలిలోనో అద్దెకు దొరుకుతాయి. కొలత చూసుకోవాల్సింది షాపులోనే, అదీ మందపాటి మేజోళ్లు వేసుకుని. మెట్టు అంచున నిలబడి ముందుకు వంగితే వేళ్లు ముందు గోడకు తగలకూడదు. అక్కడే క్రాంపాన్లు, అంటే బూటు అడుగున తగిలించే ఇనుప ముళ్ల చట్రాలు, బిగించి, బూటును పైకెత్తి విదిలించి చూడాలి. కదిలితే ఆ జోడీ కుదరనట్టే. బేస్ క్యాంపులో తెలిస్తే మార్చుకోవడానికి అక్కడ షాపు ఉండదు.

మందులు, మనుషులు

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర మీద రెండు రకాల మూఢనమ్మకాలున్నాయి: అది వేసుకుంటే ఏ ఎత్తుకైనా ఎక్కేయొచ్చని ఒకటి, వేసుకుంటే జబ్బు బయటపడకుండా దాచేస్తుందని ఇంకోటి. అది దాచేది ఏమీ లేదు. మూత్రపిండాలు నాలుగు రోజుల్లో చేసే బైకార్బనేట్ పనిని త్వరపెడుతుంది, అంతే. పెద్దవాళ్లకు ముందు జాగ్రత్తగా మామూలుగా ఇచ్చే మోతాదు పూటకు 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, పైకి వెళ్లే ముందురోజు నుంచి. నేరుగా లేహ్‌కు ఎగిరేవాళ్లు దీని గురించి విశాఖలోనే డాక్టరుతో మాట్లాడాలి, ముఖ్యంగా సల్ఫా మందులు పడనివాళ్లు. వేళ్లు చిమచిమలాడతాయి, సోడా చప్పగా అనిపిస్తుంది, మూత్రం ఎక్కువగా వస్తుంది. వాటికి కంగారు పడనక్కర్లేదు.

అరకు, పాడేరు వైపు గిరిజన కుటుంబాల పిల్లలు ఇప్పుడు పర్వతారోహణ శిక్షణకు వస్తున్నారు. వాళ్లను ఎంపిక చేసేవాళ్లు మరవకూడని పరీక్ష ఒకటుంది, సికిల్ సెల్. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య లోపం అది. ఏజెన్సీలో ఆ లక్షణం ఉన్నవాళ్లు గణనీయంగా ఉన్నారు. జబ్బు లేకుండా లక్షణం మాత్రమే ఉన్నవాళ్లు ఊళ్లో నిక్షేపంగా ఉంటారు, ఆ సంగతి వాళ్లకే తెలియకపోవచ్చు. ఎత్తున ఆక్సిజన్ తగ్గేసరికి ప్లీహానికి రక్తం అందక ఎడమ డొక్కలో పోటు మొదలవుతుంది. క్యాంపులో దాన్ని గ్యాస్ నొప్పి కింద కొట్టిపారేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఒక్క రక్తపరీక్షతో ముందే తేలే విషయం ఇది.

క్యాంపులో గైడు పొద్దునా సాయంత్రం వేలికి ఆక్సీమీటరు పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూస్తాడు. లేహ్‌లో మొదటి రోజు 80ల్లో చూపించినా బెంబేలెత్తనక్కర్లేదు. చల్లటి వేళ్లకు పెడితే ఆ యంత్రం అబద్ధం చెబుతుంది. చేతులు చంకలో పెట్టుకుని వెచ్చబరిచాక, నెయిల్ పాలిష్ లేని వేలికి పెట్టి, అంకె నిలకడ పడేదాకా ఆగాలి. అయినా అంకె కంటే మనిషిని చూసే గైడే మేలు. తలనొప్పికి తోడు వికారమో, కళ్లు తిరగడమో, విపరీతమైన నీరసమో ఉంటే, వేరే కారణం కనిపించేదాకా అది ఎత్తు జబ్బేనని నడుచుకోవాలి. తగ్గేదాకా ఇంకో అడుగు పైకి వేయకూడదు. మన తెలుగు బృందాల్లో ఒక అలవాటుంది: “ఏం లేదన్నా, కొంచెం జలుబు చేసింది” అని పారాసిటమాల్ మింగి ఊరుకోవడం. తనవల్ల పదిమందీ ఆగిపోతారన్న మొహమాటం. చూసే గైడు ఆ మాట నమ్మకుండా నేల మీద గీత గీసి, మడమకు బొటనవేలు ఆనిస్తూ పది అడుగులు నడవమంటాడు. తూలితే మెదడు వాచిందని అనుమానం. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, పొడి దగ్గు, పడుకుంటే ఊపిరాడకపోవడం ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానం. ఇది చాలామందికి కొత్త ఎత్తుకు చేరిన రెండో రాత్రి నుంచి నాలుగో రాత్రి లోపు బయటపడుతుంది. ఈ రెండింటికీ ఆక్సిజన్ సిలిండరు, డెక్సామెథాసోన్, నిఫెడిపిన్ లాంటివి ఉన్నా, అవన్నీ కిందికి దించే దాకా ప్రాణం పట్టి ఉంచడానికి. దించాల్సింది అప్పుడే, అర్ధరాత్రయినా సరే. అలాంటి రాత్రి ఒకరిని తీసుకుని ఒక గైడు దిగితే, మిగతావాళ్లతో ఇంకెవరు ఉంటారన్నది డబ్బు కట్టకముందే అడగాల్సిన ప్రశ్న.

గైడు ఎక్కడ చదివాడో కూడా అడగొచ్చు, అందులో తప్పులేదు. డార్జిలింగ్, ఉత్తరకాశీ, మనాలి, పహల్గాం సంస్థల్లో బేసిక్ కోర్సు, అందులో ‘ఏ’ గ్రేడ్ వస్తే అడ్వాన్స్‌డ్, ఆపైన నేర్పించే పద్ధతి కోర్సు. ఇదీ మెట్ల వరస. ఆరువేల మీటర్ల శిఖరం మీదికి వెళ్లాలనుకునేవాళ్లు తామే నెల రోజులు వెచ్చించి బేసిక్ కోర్సు చేసుకుంటే, ఆ డబ్బుకు అంతకంటే మంచి ఖర్చు దొరకదు. పదమూడేళ్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిందని, మనమెందుకు ఎక్కలేమని అనేవాళ్లు కనిపిస్తుంటారు. భువనగిరి రాతికొండ దగ్గర మొదలై డార్జిలింగ్, లద్దాఖ్ మంచుల్లో నెలల తరబడి సాగిన శిక్షణ ఆ వాక్యంలో ఎగిరిపోతుంది.

తాడు మీద ఒక్క నిమిషం

వాలు ఎక్కువున్న చోట గైడ్లు ముందే ఎక్కి తాడు బిగిస్తారు. నడుముకూ తొడలకూ బిగించుకునే హార్నెస్ అనే పట్టీల నుంచి రెండు పొట్టి తాళ్లు వేలాడుతుంటాయి. ఒకదానికి జుమార్ అనే తాడు పట్టు, ఇంకోదానికి మర బిగించే కొక్కెం, అంటే కారాబినర్. జుమార్ పైకి జారుతుంది, కిందికి లాగితే పళ్లు తాడును పట్టేస్తాయి. తాడు పొడవునా అక్కడక్కడా దాన్ని పట్టి ఉంచడానికి మంచులోకి దిగేసిన యాంకర్లుంటాయి, జుమార్ వాటి ముడిని దాటలేదు. ప్రమాదమంతా ఆ ముడి దగ్గరే. ముందు రెండు కాళ్లూ కుదురుగా దిగేయాలి. కారాబినర్ మర విప్పి, ముడి దాటించి పై తాడుకు తగిలించి, మర మళ్లీ బిగించాలి. అప్పుడే జుమార్ తీసి పై తాడుకు వేయాలి. పళ్లు మూసుకున్నాయో లేదో లాగి చూడాలి. ఏ క్షణంలోనూ రెండూ ఒకేసారి చేతిలో ఉండకూడదు. చదివితే చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. తెల్లవారుజామున మూడింటికి, మైనస్ పదిహేనులో, మందపాటి చేతి తొడుగులతో, వెనక నలుగురు తొందరపెడుతుంటే రెండూ ఒక్కసారే తీసేయాలనిపిస్తుంది. బాల్కనీ గ్రిల్లుకు అడ్డంగా తాడు కట్టి, మధ్యలో ముడి వేసి, ఆ తొడుగులతోనే వందసార్లు మార్చి చూసుకోవడం మంచి సాధన. విశాఖ ఉక్కలో చెమటలు కారుతాయి, ఎదురింటివాళ్లు వింతగా చూస్తారు.

రాత్రి ఒంటిగంటకు బయల్దేరడం ఉత్తుత్తి సాహసం అనుకోవద్దు. రాత్రి గడ్డకట్టిన మంచు మీద క్రాంపాన్ కరుచుకుంటుంది. ఎండెక్కాక అదే మంచు మెత్తబడి మోకాలి లోతు కూరుకుపోతుంది, మధ్యాహ్నానికి మబ్బులు కమ్ముతాయి. అందుకే వెనక్కి తిరిగే గడియారం ఒకటి ముందురోజే ఖాయం చేస్తారు. పదింటికి అనుకుంటే పదింటికే, శిఖరం నూరు మీటర్ల దూరంలో కనిపిస్తున్నా సరే. నీళ్ల సీసాను తలకిందులుగా సంచిలో పెట్టుకోవాలి. మంచు మొదట పైభాగాన కడుతుంది కాబట్టి మూత దగ్గర గడ్డకట్టకుండా ఉంటుంది. పైపుతో తాగే సంచులు గంటలో బిగుసుకుపోతాయి. తిండి విషయానికొస్తే, నిమాలింగ్ ఎత్తున నీళ్లు 84 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. కుక్కరు లేని వంటవాడి దగ్గర అన్నం పలుకుగానూ పప్పు రాళ్లలాగానూ ఉంటుంది. ఆకలి ఎలాగూ చస్తుంది, కాస్త కారప్పొడో ఆవకాయో ఉంటే నాలుగు ముద్దలు ఎక్కువ దిగుతాయి.

కాగితాలు, టికెట్లు

ఇన్సూరెన్సు పత్రంలో వెతకాల్సినవి రెండు: ఎంత ఎత్తు దాకా వర్తిస్తుంది, తాడూ మంచు గొడ్డలీ వాడే ఎక్కుడును మినహాయించారా. మామూలు ట్రావెల్ పాలసీలు చాలావరకు ఈ రెండు చోట్లా చేతులెత్తేస్తాయి. నేపాల్‌లోలా పిలవగానే ప్రైవేటు హెలికాప్టరు వస్తుందని మన వైపు అనుకోవడానికి లేదు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి, అదీ లోయలోకి దిగాక మూగబోతుంది. ఎవరో విదేశం నుంచి తెచ్చిచ్చిన శాటిలైట్ ఫోనో మెసెంజరో సంచిలో పడేసుకోవద్దు. అనుమతి లేకుండా అవి దగ్గరుంటే మన దేశంలో కేసవుతుంది, విమానాశ్రయంలోనే పట్టుకుంటారు.

2024 జూన్ మొదట్లో ఉత్తరాఖండ్ సహస్రతాల్ దారిలో కర్ణాటక ట్రెక్కర్ల బృందం మంచు తుపానులో చిక్కుకుని తొమ్మిది మంది చనిపోయారు. అది తాడు అక్కర్లేని, నడిచి వెళ్లే దారి. వాతావరణం కోసం ఒక రోజు చేతిలో ఉంటే టెంటులో కూర్చునే నిర్ణయం తేలికవుతుంది, లేకపోతే ప్రతి మబ్బునూ ‘తేలిపోతుందిలే’ అనుకోవాల్సి వస్తుంది. ఆ రోజును మింగేసేది ఎక్కువగా తిరుగు టికెట్టే. ఆదివారం రాత్రికి విశాఖలో దిగాలి, సోమవారం డ్యూటీ. శనివారం గాలి విపరీతంగా ఉందని గైడు అంటే, బృందమంతా అతని మొహం వంక చూస్తుంది.

లేహ్ విమానాలు ఎక్కువగా పొద్దున పూటే ఉంటాయి, గాలి లేస్తే రద్దవుతాయి. లేహ్–ఢిల్లీ ఒక కంపెనీలో, ఢిల్లీ–విశాఖ ఇంకో కంపెనీలో విడివిడిగా చౌకగా కొన్నవాళ్లకు, మొదటిది రద్దయితే రెండోదాని డబ్బు గల్లంతే. ఒకే పీఎన్‌ఆర్ మీద కొనాలి, ట్రెక్కు ముగిసే తేదీకీ ఆ టికెట్టుకీ మధ్య ఒక ఖాళీ రోజు ఉంచాలి. మేనేజరుకు చెప్పేటప్పుడు ఆ రోజును కూడా ట్రెక్కులో కలిపేసి పదమూడు రోజులనే చెప్పాలి.